‘దాటితే’ అన్న ఒక్క మాట దగ్గరే లెక్క తప్పుతోంది

శ్లాబుల శాతాలను పిల్లలకు స్ప్రెడ్‌షీట్‌తో నేర్పించడం ఎలా?

మార్చి నెల వచ్చిందంటే స్టాఫ్‌రూముల్లో ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. ‘సార్, ఆ ట్రైనింగ్ డబ్బులు ఈ నెలలో వేయించకండి. పై శ్లాబులో పడిపోతాను, ఉన్న జీతం కూడా తగ్గిపోతుంది.’ అన్నది లెక్కల మాస్టారైనా ఆశ్చర్యం లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అదనంగా వచ్చే పదివేల కోసం చేతిలో ఉన్నది పోతుందని భయం.

ఇంట్లో పరిస్థితి వేరు. షాపులో పనిచేసే తండ్రికి యజమాని ‘అమ్మకం లక్ష దాటితే 5 శాతం కమీషన్’ అంటాడు. నెలాఖరున తండ్రి అనుకున్న డబ్బు ఒకటి, చేతికి వచ్చింది ఇంకొకటి. ఎవరు ఎవరిని మోసం చేశారో తేలదు. నిజానికి ఇద్దరూ లెక్క సరిగ్గానే వేసి ఉండొచ్చు. ‘దాటితే’ అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకున్నారు, అంతే.

శాతం తెలియక జరిగే పొరపాటు కాదిది. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా శాతం కట్టగలరు. ఆ శాతాన్ని దేని మీద కట్టాలన్నదే అసలు ప్రశ్న. మొత్తం మీదా, దాటిన భాగం మీదా? ఈ ఒక్క తేడా పట్టుబడితే పన్ను లెక్క, కమీషను లెక్క, కరెంటు బిల్లు అన్నీ ఒకే దారిలోకి వస్తాయి. దీన్ని నేర్పడానికి బడిలో ఒక కంప్యూటర్, అందులో ఒక స్ప్రెడ్‌షీట్ ఉంటే చాలు.

బిందెల లెక్క

ముందు ఆదాయపు పన్ను తీసుకుందాం. 2025 బడ్జెట్‌లో ప్రకటించిన కొత్త పన్ను విధానంలో, 2025-26 ఆర్థిక సంవత్సరానికి శ్లాబులు ఇవి. తొలి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 వరకు 10 శాతం, 12 నుంచి 16 వరకు 15 శాతం, 16 నుంచి 20 వరకు 20 శాతం, 20 నుంచి 24 వరకు 25 శాతం, 24 లక్షల పైన 30 శాతం.

పిల్లలకు చెప్పేటప్పుడు వరుసగా ఏడు బిందెలు పెట్టినట్టు చెప్పండి. మొదటి ఆరు బిందెల్లో ఒక్కోదానిలో 4 లక్షలు పడతాయి. మొదటిది నిండాకే రెండోదానిలోకి, రెండోది నిండాకే మూడోదానిలోకి పొర్లుతుంది. ఏ బిందెలో పడిన డబ్బుకు ఆ బిందె రేటే. నాలుగో బిందెలోకి నాలుగు చుక్కలు పడ్డంత మాత్రాన మొదటి మూడు బిందెల రేటు మారదు.

పన్ను కట్టాల్సిన ఆదాయం 14 లక్షలు అనుకోండి. మొదటి బిందెకు సున్నా. రెండోదానికి 4 లక్షలపై 5 శాతం, అంటే 20,000. మూడోదానికి 4 లక్షలపై 10 శాతం, 40,000. నాలుగోదానిలో పడింది 2 లక్షలే. దానిపై 15 శాతం, 30,000. మొత్తం 90,000 రూపాయలు.

‘పై శ్లాబులో పడతాను’ అని భయపడేవారి మనసులో ఉన్న లెక్క వేరు. 14 లక్షలు 15 శాతం శ్లాబులో ఉంది కాబట్టి మొత్తం 14 లక్షలపై 15 శాతం, 2,10,000 అనుకుంటారు. అసలు లెక్కకు, ఈ లెక్కకు తేడా అక్షరాలా 1,20,000 రూపాయలు. భయం పుట్టేది ఈ తేడాలోంచే.

ఆరు గడుల్లో మొత్తం పన్ను

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరుద్దాం. ఎక్సెల్ అయినా, ఉచితంగా దొరికే లిబ్రాఫీస్ క్యాల్క్ అయినా, ఫోన్‌లో గూగుల్ షీట్స్ అయినా పద్ధతి ఒకటే. ఇక్కడ ఫార్ములాలను తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. కంప్యూటర్‌లో గడుల పేర్లు, ఫార్ములాలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

చాలామంది మొదట రాసేది ఇఫ్ ఫార్ములా. ‘ఆదాయం 12 లక్షలు దాటితే 15 శాతం, లేకపోతే 8 లక్షలు దాటితే 10 శాతం’ అంటూ ఒక ఇఫ్‌లో ఇంకో ఇఫ్ పెట్టుకుంటూ పోతారు. రెండు చిక్కులు వస్తాయి. ఆరు ఇఫ్‌లు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటే బ్రాకెట్ ఎక్కడ మూయాలో పెద్దలకే తెలియదు. పైగా ‘డి1*15%’ అని రాస్తే అది మొత్తం మీద వేసిన శాతమే, 2,10,000 తప్పు మళ్లీ వచ్చేస్తుంది.

ఇంతకంటే తేలికైన దారి ఉంది. శ్లాబు రేట్లను ఒకసారి చూడండి: 0, 5, 10, 15, 20, 25, 30. ఒక్కో హద్దు దగ్గర ఇంకో 5 శాతం కలుస్తోంది. కాబట్టి ఇలా చెప్పొచ్చు: 4 లక్షలకు మించిన ప్రతి రూపాయికీ 5 శాతం, 8 లక్షలకు మించిన ప్రతి రూపాయికీ ఇంకో 5 శాతం, 12 లక్షలకు మించిన ప్రతి రూపాయికీ ఇంకో 5 శాతం. అలా 24 లక్షల దాకా ఆరు హద్దులు.

షీట్‌లో ఏ1 గడిలో ‘హద్దు’, బి1లో ‘అదనపు శాతం’, సి1లో ‘పన్ను’ అని రాయండి. ఏ2 నుంచి ఏ7 వరకు 400000, 800000, 1200000, 1600000, 2000000, 2400000 రాయండి. అంకెల మధ్య కామాలు పెట్టొద్దు; కొన్ని కంప్యూటర్లు కామాలున్న అంకెను అంకెగా కాక అక్షరాలుగా తీసుకుంటాయి. బి2 నుంచి బి7 వరకు అన్నిటిలోనూ 5%. ఆదాయాన్ని డి1లో రాయండి.

సి2 గడిలో ఈ ఫార్ములా:

=మ్యాక్స్(0,$డి$1-ఏ2)*బి2

మ్యాక్స్ అంటే ఇచ్చిన రెండిటిలో పెద్దది. ఆదాయం హద్దు దాటితే దాటిన భాగం వస్తుంది. దాటకపోతే తీసివేతలో రుణసంఖ్య వస్తుంది కాబట్టి, దానికంటే పెద్దదైన సున్నా వస్తుంది. ‘దాటిన దాని మీద మాత్రమే’ అన్న మాటను కంప్యూటర్‌కు చెప్పే పద్ధతి ఇదే. ఈ గడిని సి7 వరకు కిందికి లాగండి. సి8లో =సమ్(సి2:సి7) అని కూడండి.

డి1లో 1400000 పెడితే సి2లో 50,000, సి3లో 30,000, సి4లో 10,000, మిగతా మూడు గడుల్లో సున్నాలు కనిపించాలి. కూడితే 90,000. బిందెల లెక్కలో వచ్చిందీ అదే.

మీ షీట్‌లో 90,000 బదులు 50,000 మాత్రమే వచ్చిందా? డాలర్ గుర్తులు మరిచిపోయారన్నమాట. గుర్తు లేకుండా కిందికి లాగితే డి1 కాస్తా డి2, డి3 అయిపోతుంది. అవి ఖాళీ గడులు కాబట్టి సున్నా. మొదటి వరుస ఒక్కటే సరిగ్గా పనిచేస్తుంది. ఈ తప్పును పిల్లల చేత కావాలనే ఒకసారి చేయించండి. డాలర్ గుర్తు ఎందుకో ఇక మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

పై తరగతుల పిల్లలకు ఇదంతా ఒకే గడిలో చూపించవచ్చు:

=సమ్‌ప్రోడక్ట్((డి1>ఏ2:ఏ7)*(డి1-ఏ2:ఏ7)*బి2:బి7)

ముందు ఆరు వరుసల పద్ధతిలో నేర్పి, తర్వాతే దీన్ని చూపించడం మంచిది. ఆరు వరుసల్లో ప్రతి హద్దు దగ్గర ఎంత పన్ను పడిందో కంటికి కనిపిస్తుంది. ఒక్క గడిలో జవాబు తప్ప ఇంకేమీ కనిపించదు.

హద్దు దగ్గరే పరీక్ష

ఫార్ములా సరైనదో కాదో తెలుసుకోవాలంటే హద్దుల మీద అంకెలు పెట్టి చూడాలి. 8 లక్షలకు 20,000. 12 లక్షలకు 60,000. 16 లక్షలకు 1,20,000. 20 లక్షలకు 2,00,000. 24 లక్షలకు 3,00,000 రావాలి. తర్వాత హద్దుకు ఒక్క రూపాయి పైన పెట్టమనండి. 16,00,001 పెడితే పన్ను ఎంత పెరిగింది? 20 పైసలు. ‘పై శ్లాబులో పడితే’ జరిగేది అంతే.

అయితే స్టాఫ్‌రూము భయం పూర్తిగా గాలి మాట కూడా కాదు. ఒక్క చోట దానికి కొంత ఆధారం ఉంది. కొత్త విధానంలో దేశంలో నివాసం ఉండేవారికి, జీతం వంటి మామూలు ఆదాయంపై, పన్ను కట్టాల్సిన ఆదాయం 12 లక్షల లోపైతే 60,000 వరకు రిబేటు ఉంది. పన్ను సున్నా అవుతుంది. జీతగాళ్లకు 75,000 ప్రామాణిక తగ్గింపు కూడా ఉంది కాబట్టి 12,75,000 జీతం దాకా పన్ను పడదు. ఆ గీత దాటితే రిబేటు పోతుంది. ఆదాయం 12,10,000 అయితే శ్లాబుల లెక్కన 61,500 కట్టాలి. పదివేలు ఎక్కువ వచ్చినందుకు అరవై వేలకు పైగా పన్నా? ఆ అన్యాయం జరగకుండా చట్టంలోనే ఉపశమనం పెట్టారు: 12 లక్షలకు మించిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదు. అంటే 10,000 కడితే చాలు. దానిపై 4 శాతం సెస్సు, 400 రూపాయలు. అదనంగా వచ్చిన పదివేలలో చేతికి ఏమీ మిగలదు. పైపెచ్చు 400 తగ్గుతుంది. సుమారు 12,70,000 దాటేదాకా ఈ ఉపశమనం వర్తిస్తుంది. ఆ పైన మళ్లీ మామూలు మెట్లే.

దీన్ని కూడా షీట్‌లో ఒక్క వరుసలో రాయొచ్చు. సి9లో:

=ఇఫ్(డి1<=1200000,0,మిన్(సి8,డి1-1200000))

సి10లో =సి9*1.04 రాస్తే సెస్సుతో సహా వస్తుంది. ఆదాయం 50 లక్షలు దాటినవారికి సర్‌చార్జి వేరే ఉంటుంది. పాత విధానం ఎంచుకున్నవారి శ్లాబులు వేరు. బడిలో నేర్పడానికి ఈ షీట్ చాలు.

కొన్ని చోట్ల మొత్తం మీదే

ఇక్కడిదాకా చదివి ‘శ్లాబు అంటే ఎప్పుడూ దాటిన భాగం మీదే’ అనుకుంటే మళ్లీ పొరపాటే. రెండో రకం కూడా ఉంది. షోలాపూర్ వంటి ఊళ్లలో దుస్తుల తయారీలో, అమ్మకాల్లో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఇది రోజూ ఎదురయ్యేదే. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ దుస్తులపై జీఎస్టీ ఇలా ఉంది: ఒక్కో దుస్తు ధర 2,500 రూపాయలు మించకపోతే 5 శాతం, మించితే 18 శాతం. ఈ 18 శాతం మించిన రూపాయల మీద కాదు, మొత్తం ధర మీద.

2,500 రూపాయల కోటుకు పన్ను 125. కొనేవారు ఇచ్చేది 2,625. ధర 2,501 పెడితే పన్ను 450 రూపాయల 18 పైసలు. మొత్తం 2,951 రూపాయల 18 పైసలు. దుకాణదారు ధర ఒక్క రూపాయి పెంచితే కొనేవారిపై 326 రూపాయలు పెరుగుతుంది. ఇక్కడ ‘పై శ్లాబులో పడతాం’ అన్న భయం నూటికి నూరు పాళ్లు నిజం.

ఈ రకానికి ఇఫ్ ఫార్ములాయే సరైనది. ఏ2లో ధర ఉంటే =ఇఫ్(ఏ2<=2500,ఏ2*5%,ఏ2*18%) సరిపోతుంది. ఆదాయపు పన్నుకు తప్పైన పద్ధతి దుస్తుల జీఎస్టీకి ఒప్పు అవుతుంది. ఏ ఫార్ములా రాయాలో తేల్చేది నియమంలోని మాటే.

కరెంటు బిల్లుల్లో శాతాలు లేకపోయినా ఇదే తేడా ఉంటుంది. తమిళనాడులో 2022 సెప్టెంబరులో వచ్చిన పట్టిక చూడండి. ఇళ్లకు రెండు నెలల బిల్లులో తొలి 100 యూనిట్లు ఉచితం. వాడకం 500 యూనిట్ల లోపైతే 101 నుంచి 200 వరకు 2.25 రూపాయలు, 201 నుంచి 400 వరకు 4.50, 401 నుంచి 500 వరకు 6 రూపాయలు. వాడకం 500 దాటితే మాత్రం 101 నుంచి 400 వరకు అన్నిటికీ 4.50, 501 నుంచి 600 వరకు 8 రూపాయలు. సరిగ్గా 500 యూనిట్లకు 1,725 రూపాయలు. 501 యూనిట్లకు 1,958. ఒక్క యూనిట్‌కు 233 రూపాయలు! లోపల మెట్లు, 500 దగ్గర గోడ. ఆ తర్వాత ధరలు మారాయి. అయినా పిల్లలకు ఈ అమరిక చూపించడానికి పాత పట్టికే చాలు. కర్ణాటకలో 2023లో మొదలైన గృహజ్యోతి కూడా గోడ లాంటిదే. వాడకం 200 యూనిట్లు దాటితే దాటిన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి.

ఈ రెండు రకాలనూ గ్రాఫ్‌గా గీయించండి. ఆదాయాన్ని లక్ష లక్ష చొప్పున 30 లక్షల దాకా పెంచుతూ సి8లో వచ్చే పన్నును పక్కన రాయించి చార్టు వేయిస్తే, గీత హద్దుల దగ్గర వంగుతుంది గానీ ఎక్కడా తెగదు. దుస్తుల జీఎస్టీ చార్టులో 2,500 దగ్గర గీత ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. మాటల్లో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఈ రెండు చార్టులు పక్కపక్కన పెడితే ఎక్కుతుంది.

లక్ష దాటితే 5 శాతం

ఇప్పుడు షాపులో పనిచేసే తండ్రి దగ్గరికి వద్దాం. నెలలో అమ్మకం 50,000 వరకు 2 శాతం, 50,000 దాటితే 3 శాతం, లక్ష దాటితే 5 శాతం కమీషన్ అని మాట అనుకుందాం. ఆ నెల అమ్మకం 1,30,000.

తండ్రి అర్థం చేసుకున్నది: మొత్తం 1,30,000పై 5 శాతం, 6,500 రూపాయలు. యజమాని అర్థం: మొదటి 50,000పై 1,000, తర్వాతి 50,000పై 1,500, మిగిలిన 30,000పై 1,500, కలిపి 4,000. తేడా 2,500 రూపాయలు. ఒక కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. తప్పు ఎవరిదీ కాదు, మాటే స్పష్టంగా లేదు.

పైన తయారు చేసిన షీట్‌నే ఇక్కడా వాడుకోవచ్చు. ఏ నిలువు వరుసలో హద్దులు 0, 50000, 100000 అని, బి నిలువు వరుసలో అదనపు శాతాలు 2%, 1%, 2% అని మార్చండి. 2 నుంచి 3కి పెరిగింది 1, 3 నుంచి 5కి పెరిగింది 2. మిగతా మూడు వరుసల్లో అంకెలు చెరిపేయండి. డి1లో 130000 పెడితే 2,600, 800, 600 వచ్చి మొత్తం 4,000 అవుతుంది. శాతాలను ఫార్ములా లోపల కాకుండా పక్క గడుల్లో రాసిన లాభం ఇదే. రేటు మారితే గడి మారుతుంది, ఫార్ములా కదలదు.

పనిలో చేరే ముందే ‘మించిన అమ్మకంపైనా, మొత్తం అమ్మకంపైనా?’ అని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోవాలని మన పిల్లలకు నేర్పాలి. పదో తరగతి దాటగానే చాలామంది అడుగుపెట్టేది ఇలాంటి లెక్కల మధ్యకే.

రెండు భాషల్లో ఒకే ప్రశ్న

మన బడుల పిల్లలు లెక్కలు తెలుగులో నేర్చుకుంటారు. బిల్లులు, ఉత్తర్వులు మాత్రం రాష్ట్ర భాషలోనో ఇంగ్లిష్‌లోనో వస్తాయి. శాతం అన్న మాటతో చిక్కు లేదు. కర్ణాటకలో శేకడా, మహారాష్ట్రలో టక్కే, తమిళనాడులో సదవీదం, ఒడిశాలో శతకడా అని పిల్లలకు వీధిలోనే వచ్చేస్తుంది. చిక్కంతా ‘మించిన’ అన్న మాట దగ్గర. కన్నడంలో మీరిద, మరాఠీలో పేక్షా జాస్త, తమిళంలో మేర్పట్ట, ఒడియాలో అధిక అని కనిపిస్తే, ఆ మాట దేనికి తగులుతోందో చూడాలి. ‘మించిన మొత్తంపై’ అంటే మ్యాక్స్. ‘మించితే మొత్తంపై’ అంటే ఇఫ్. రెండు వాక్యాల్లో తేడా ఒక్క ప్రత్యయమే. ఈ తేడాను సొంత భాషలో పట్టుకున్న పిల్లలు రాష్ట్ర భాషలోనూ దాన్ని వెతకగలరు.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. శ్లాబులున్న కాగితం ఏదైనా ఒకటి ఇంటి నుంచి తెమ్మని పిల్లలకు చెప్పండి. కరెంటు బిల్లు కావచ్చు, నీటి బిల్లు కావచ్చు, నాన్న కమీషన్ చీటీ కావచ్చు. యానాంలోనైనా, బరంపురంలోనైనా, హోసూరులోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. పేర్లు, నంబర్లు కనపడకుండా మడిచి తెమ్మనండి. మొదటి పీరియడ్‌లో కంప్యూటర్ తెరవొద్దు. ఆ కాగితం చదివి ‘దాటిన దానిపై’, ‘మొత్తంపై’, ‘రెండూ కలిసినది’ అని మూడు కుప్పలుగా వేయించండి. ఏ కుప్పలో వేయాలో తేలని కాగితాలు కొన్ని మిగులుతాయి. వాటి మీదే వాదన జరగనివ్వండి. రెండో పీరియడ్‌లో షీట్ కట్టించి, బిల్లులో వేసిన మొత్తంతో సరిపోయిందో లేదో చూడమనండి. సరిపోకపోతే ముందు మన షీట్‌లో హద్దులు చూసుకోవాలి, తర్వాత బిల్లులోని స్థిర చార్జీలు, సెస్సులు చూడాలి. అప్పటికీ తేడా ఉంటే ఆ కాగితం, ఆ షీట్ పట్టుకుని అమ్మానాన్నలు సంబంధిత కార్యాలయంలో అడగొచ్చు.